చుక్క పెట్టే చేయి

షికాగో, మార్చి 1974

మిస్ ఎలినోర్ గారికి,

మా అస్సీరియన్ ఊరి మాటల నిఘంటువులో చుక్కలు అక్షరాల కింద కాక పక్కకు పడుతున్నాయనీ, ఇకపై వాటిని మీ ఆఫీసులోనే పెట్టించుకుంటామనీ రాశారు. మీరన్నది నిజమే.

నా టైపు మిషనులో ఆ చుక్కలు లేవు. నేను మా మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఇస్తే, నా భార్య షూషన్ ఒక్కో మాటా పైకి అని, బరువుగా పలికిన అక్షరం కింద కలంతో చుక్క పెట్టేది. "చుక్క లేకుండా పంపావంటే అది మీ అమ్మ మాట కాదు, ఇక్కడి కిరాణాకొట్టు జాన్ మాట అవుతుంది," అనేది.

ఈ చలికాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. చేయి వణుకుతోంది.

అచ్చుకు కార్బన్ ప్రతి పంపుతున్నాను. దానిమీద చుక్కలు మీవాళ్ళ చేత పెట్టించండి. అసలు ప్రతి మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే ఈ సంగతి ఎత్తకండి, ఆమె కుర్చీ ఫోను పక్కనే.

ఇప్పుడు మాటలు పైకి అనేది నేను. నిన్న మా భాషలో బరువుగా పలకాల్సిన ఒక పిట్ట పేరును తేలిగ్గా అనేశాను. ఆమె కలం ఎత్తి పట్టుకుని నా నోటివంకే చూస్తూ కూర్చుంది. సరిగ్గా పలికేదాకా చుక్క పెట్టలేదు.

విధేయుడు