నాలుగు నిమిషాలకే మూగబోయే స్పీకర్లు

బావా,

పదిహేనేళ్ల కిందట నువ్వు మా ఆస్పత్రికి రాసిచ్చిన మైకు ప్రోగ్రాం ఇవాళ నా ఉద్యోగానికి ఎసరు పెట్టబోయింది. మైకు మాటల్ని వార్డులకి చేరవేసే కొత్త నెట్‌వర్క్ స్విచ్ పెట్టాక వార్డుల్లో స్పీకర్లు నాలుగు నిమిషాలకే మూగబోతున్నాయి. పొద్దున ఒకాయనకి ఊపిరాడకపోతే, మైకులో పిలిచినా వినబడక, డాక్టరుగారి కోసం నర్సు డ్యూటీలో ఉన్న అక్క మూడంతస్తులు పరిగెత్తింది. ఆయన బతికాడులే.

ఒకే మాటని అన్ని స్పీకర్లకీ ఒకేసారి పంపే మల్టీకాస్ట్ గుంపులో ఇంకా ఎవరు వింటున్నారని స్విచ్ అడిగితే నీ ప్రోగ్రాం ఉలకదు పలకదు. దాంతో స్విచ్ మాట పంపడమే మానేస్తోంది. బదులు చెప్పడానికి పక్కనే ఇంకో చిన్న ప్రోగ్రాం పెట్టాను. పనిచేస్తోందో లేదోనని మైకులో ఐదు నిమిషాలు ఏకధాటిగా నిన్నే తిట్టాను.

ఆరు వార్డులూ శుభ్రంగా విన్నాయి. కుట్లు పడ్డ పెద్దాయన "నవ్వించకు తల్లీ, నొప్పి" అని కబురు పెట్టాడు. అక్క మైకు లాక్కుని, "ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు" అంది.

అక్క డ్యూటీ దిగి ఇంటికొచ్చేలోపు నీకందాలని ఈ ఉత్తరం ఆస్పత్రి డ్రైవరు చేతికిస్తున్నాను. వాదించకుండా, మీ ఆవిడ కాళ్లకి వేణ్నీళ్లు కాచి ఉంచు.

నీ మరదలు