సోలార్ అద్దాలపై తెల్లని మచ్చల గురించి

ఫార్మింగ్టన్ హిల్స్,
1981 జూలై 16

తెలుగు సంఘం కార్యదర్శి శ్రీ ఆదిశేషు గారి సముఖమునకు ఇంజనీరు సూర్యప్రకాశ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సంఘం హాలు డాబాపైని సోలార్ యంత్రమునకు జరుగుచున్న ద్రోహంపై విచారణ కోరుట.

1. జనం పారవేసిన కిటికీ అద్దాలు, రాగి గొట్టాలు, తుక్కు పీపా ఏరి తెచ్చి నేను స్వహస్తాలతో చేసిన సదరు యంత్రం మే నెలలో వంటగదికి పొగలు కక్కే నీళ్ళు ఇచ్చినది. జూన్ నుండి గోరువెచ్చన కూడా లేదు. శనివారం కమిటీవారు దానిని పీకించెదరని విన్నది మొదలు నాకు అన్నం సహించుటలేదు.

2. యంత్రంలో లోపం లేదు. మూడుసార్లు విప్పి చూచితిని. లోపం మనుషులలో ఉన్నది.

3. రోజూ ఉదయం తనిఖీ చేయునపుడు అద్దాలపై తెల్లని గుండ్రని మచ్చలు వరుసలుగా కనబడుచున్నవి. ఎవరో ఏదో రసాయనం పూయుచున్నారు.

4. శ్రీ దామోదర్ గ్యాస్ కంపెనీ ఉద్యోగి. నన్ను చూచినప్పుడల్లా "ఏం గురువుగారూ, మీ సూర్యుడు ఇంకా లీవ్‌లోనే ఉన్నాడా? గ్యాస్ హీటర్ ఆర్డర్ చేసెయ్యమంటారా?" అని ఇకిలించును. మచ్చల మాట ఎత్తగా "నాకేం తెలుసండీ, నేను పైకే ఎక్కలేదు" అన్నాడు. ఎక్కావా అని నేను అడుగనే లేదు!

5. డాబా తాళం చెవులు రెండే. ఒకటి దామోదర్ వద్ద ఉన్నది. రెండవది మా ఇంట్లో ఉన్నది గనుక శంకింప పనిలేదు.

కార్ల కంపెనీ నన్ను ఇంటికి పంపిన తరువాత నేను చేసిన పని ఇదొక్కటే. ఇదీ పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో నాకు తెలియదండీ. కావున ద్రోహిని పట్టి, యంత్రమును కాపాడ ప్రార్థన. తాము పెద్దమనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సూర్యప్రకాశ్

తా.క. అర్జీ మడిచి, ఋజువు కోసం ఈ మధ్యాహ్నం డాబా ఎక్కితిని. అద్దాల మీద తడి చీర, చీర నిండా వరుసలుగా గుండ్రని మినప వడియాలు, ఉడుతలను అదిలించడానికి కర్ర పట్టుకొని మా ఆవిడ కామేశ్వరి.

"ఇదేమిటే!" అన్నాను.

"అరవకండి. ఈ చలిదేశంలో ఇంత ఎండ ఇంకెక్కడ దొరుకుతుంది? ఒక్క పూటకే గలగలలాడుతున్నాయి. మన సంఘం ఆడవాళ్ళు ఉషా, జయంతీ కూడా ఇక్కడే పెట్టుకుంటున్నారు. మీరెంత మంచి పని చేశారో అని ఒకటే పొగడ్త!"

దామోదర్‌పై నాలుగవ అంశం కొట్టివేయగలరు. గొట్టాలు, పీపా శనివారం పట్టుకుపొండి. అద్దాలు మాత్రం ఉంచండి. రేపు తొమ్మిదింటికల్లా పిండి మోసుకు రమ్మన్నారు నన్ను.