గంప కింద గుడ్డి కుక్కపిల్ల

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. తెలంగాణ ఉద్యమంతో బడి మూసేస్తే చేవెళ్ల నుంచి మన చిన్న మంగళారం వచ్చేశాను. పటేలు ఇంట నువ్వు సాకిన వేటకుక్కల్లో అన్నాచెల్లెళ్లనే ఆయన జత కట్టించాడు. పుట్టిన నాలుగు పిల్లలకూ ఇరవై రోజులైనా కళ్లు తెరుచుకోలేదు, అన్నీ గుడ్డివే. బావిలో వేయమన్నాడు. ఒకదాన్ని నేను తెచ్చి గంప కింద దాచాను.

పొద్దున పటేలే మన గడపలోకి వచ్చి, "మూడే ఏసిండ్రట. నాలుగోదేది?" అన్నాడు. గంప కింద అది కుయ్యిమంది.

"కోడిపిల్ల, పటేలా," అంది అవ్వ.

ఆయన గంప వైపే చూస్తూ, "మళ్ల గదే జత కట్టిస్త," అని వెళ్లిపోయాడు.

వద్దని చెప్పడానికి నువ్వు లేవు. రేపు నేనే పటేలు దగ్గరికి పోతాను. "అవి తోడబుట్టినయి, పటేలా" అని ఇందాక అవ్వ ముందు అని చూడబోయాను. "అవి" అన్నదాకానే వచ్చింది.