నిండు బలగంతో ఒక ఆట

జూన్ 3, మంగళవారం

బట్టలు రెండు విడతలు. గిన్నెలు మూడుసార్లు. వంటింటి అలమార దులపడం. వదిన కాలి కింద దిండ్లు సర్దడం నాలుగుసార్లు. కంప్యూటర్‌తో చదరంగం రెండు ఆటలు, రెండూ గెలుపే.

వదిన మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. మూడు వారాలు ఇక్కడే. ఆయనకు సొంత అక్క, సేవ మాత్రం నా వాటా. వదిన కాలేజీలో చదరంగం ఛాంపియన్ కదా అని నా ఆటల లెక్కల నోట్‌బుక్ చూపించాను. ఏడాదిలో కంప్యూటర్ ఐదో లెవెల్ మీద 212 ఆటలు, 171 గెలుపులు. అబ్బో, అయితే నా మంత్రిని తీసేసి ఆడతాలే, అంది.

ఇరవై రెండు ఎత్తుల్లో ఓడిపోయాను.

జూన్ 4

మళ్ళీ. నడుము నొప్పి.

జూన్ 8, ఆదివారం

మంత్రి లేని వదిన చేతిలో ఆరో ఓటమి. అలా కూర్చున్నావేమే, బస్సు కోసమా, అంది.

బట్టలు మడతపెడుతుంటే అర్థమైంది. ఐదో లెవెల్‌లో కంప్యూటర్ బాగా ఆడుతూ ఆడుతూ ఎక్కడో ఒక పావును ఊరికే వదిలేస్తుంది. తప్పు చేయకుండా కూర్చుని దానికోసం కాచుకోవడమే నేను నేర్చుకున్నది. 171 గెలుపులూ అంతే.

వదినకు చెప్పాను. మనుషులు ఊరికే ఏదీ వదలరమ్మాయ్, వదిలితే ఉచ్చే, అంది.

జూన్ 13

గెలిచాను! టీలో చక్కెర తక్కువైందంది వదిన. ఈసారి అన్ని పావులూ పెట్టుకోండి అన్నాను. ముందు ఏనుగు లేకుండా ఆడతా, గెలిచి చూపించు, అంది.

జూన్ 19, గురువారం

అదీ గెలిచాను. అసలు ఆట బాకీ ఉన్నారు వదినా అన్నాను. కాలు లాగుతోంది, రేపు, అంది.

పెద్దావిడతో పంతం ఎందుకంటారు ఆయన. పంతం కాదు. ఇరవై మూడేళ్ళుగా ఈ ఇంట్లో నాతో అందరూ ఏదో ఒకటి తగ్గించుకునే మాట్లాడారు. వెళ్ళేలోగా ఒక్కసారి నిండుగా ఆడితే చాలు.

జూన్ 22

రేపు అంది.

జూన్ 24, ఉదయం 11

ఆసుపత్రిలో పిండికట్టు తీశారు. సాయంత్రం ఐదుకు వదిన ప్రయాణం. పెట్టె నేనే సర్దాను. చేతులు పీకుతున్నాయి. ఇక అడగను.

మధ్యాహ్నం 3.30

వదినే బోర్డు తెచ్చింది. అన్ని పావులూ పెట్టింది.

ముప్పై ఒకటో ఎత్తులో గుర్రాన్ని కాపలా లేకుండా వదిలింది. పది నిమిషాలు చూశాను. ఉచ్చేననుకుని ముట్టుకోలేదు. నలభై నాలుగులో ఓడిపోయాను.

గుర్రాన్ని ఎందుకు తినలేదే, అంది. ఉచ్చనుకున్నా అన్నాను. వదిన నవ్వబోయి ఆగింది. ఉచ్చూ లేదు ఏమీ లేదు, నువ్వంటే బెదురుపుట్టి చూసుకోలేదే, అంది.

సాయంత్రం 5.40

కారు వెళ్ళింది. ముప్పై ఒకటో ఎత్తు దాకా పావులు మళ్ళీ పేర్చి, ఆ గుర్రాన్ని తిన్నాను.

వదిన బాకీ ఉన్న ఆట: చెల్లు.