ముసలిదాని కేక

ఆగస్టు 18, బాల్కొండ
బోధన్ నుంచి బాపు ఫోన్. కోతుల మాటలు ఇనుటానికి గంత దూరం ఎందుకు బిడ్డా, మన చర్చి గోడ మీద లేవా అన్నాడు. పీహెచ్‌డీ అంటే ఏమిటో ఆయనకెలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు.
ఒక్కటి మాత్రం గ్యారంటీ. ఈ గుంపుకి కాపలా చెవి చిరిగిన ముసలి ఆడకోతిదే. కుక్క కనబడితే ఒక్క కేక పెడుతుంది, అన్నీ చెట్లెక్కేస్తాయి. ఈరోజు ఆ కేక క్లీన్‌గా రికార్డయింది. కూతురు కోతి ఎప్పటిలాగే దాని వెనకే ఉంది.

ఆగస్టు 23
హైవే మీద లారీ గుద్ది ముసలిది చచ్చిపోయింది.
నేనుంటున్నది ముత్యం అన్న వాళ్లింట్లో. రోజూ కోతుల్ని బండబూతులు తిట్టే మనిషి. అలాంటిది, ముసలిదానికి పసుపు కుంకుమ పెట్టి, తెల్లబట్ట కప్పి, తన చేను గట్టునే గుంత తవ్వి పూడ్చాడు. కొబ్బరికాయ కొట్టి ఏడ్చాడు కూడా. ప్రార్థన చేయాలో వద్దో తెలియక నేను చెప్పులు విప్పి నిలబడ్డాను.

ఆగస్టు 29
ముత్యం అన్న ఒకటే పోరు. పసుపు చేన్ల మక్కజొన్న ఏసిన, కంకులు పాలమీదున్నయి, గా ముసలిదాని కేక మైకుల పెడితె కోతులు ఉర్కుతయి గదా చెల్లె అని. గైడ్‌ని అడిగితే వద్దంటారు. అందుకే అడగలేదు. రోజూ అన్నం పెడుతున్న మనిషి. రికార్డింగ్ ఇచ్చేశాను.

ఆగస్టు 30, సాయంత్రం
కేక మోగితే పారిపోలేదు. వచ్చాయి! గుంపుకి గుంపు. కూతురు మైకు కట్టిన గుంజ ఎక్కి, డబ్బా వెనక చెయ్యి పెట్టి వెతికింది. మిగతావి తాపీగా కంకులు విరుచుకుతిన్నాయి. సగం చేను పోయింది.
మరి ఆ కేకకి అర్థం కుక్క అని కాదా? ఇన్నాళ్లూ నేను విన్నదేమిటి?
ముత్యం అన్న విరిగిన కంకులు ఏరుకుంటున్నాడు. తిట్టినా బాగుండేది. వాళ్లమ్మ చంద్రవ్వ మాత్రం, సచ్చినదాని గొంతు మోగియ్యద్దు బిడ్డా, దానికి దారి దొర్కది అంది. అవన్నీ నేను నమ్మను. కానీ వెళ్లి స్విచ్ తీసేశాను.

సెప్టెంబర్ 2
మైకు విప్పేశాం. కూతురు గుంజ దిగడం లేదు, తినడం లేదు. నేను చేసింది రిసెర్చా, మోసమా?

సెప్టెంబర్ 9
పొద్దున్నే ముసలిదాని కేక. అదే గొంతు. గుంపంతా చేను వదిలి చెట్లెక్కింది. మల్ల మైకెందుకు పెట్టినవు చెల్లె అని అరుస్తూ ముత్యం అన్న పరుగెత్తుకొచ్చాడు. మైకు నా మంచం కిందే ఉంది. ఇద్దరం చేనుకి పోయి చూశాం.
గట్టు మీద కుక్క. గుంజ మీద కూతురు.