తంబుర వెనక గంగ

మద్నూర్,
కార్తీక మాసం, 1946.

నా నీలక్కకు,

నీ ఉత్తరం అందింది. మన దేవీబాయి గురువమ్మ పోయి ఏడాది అవుతోందని, సంవత్సరీకం నాడు బాన్సువాడలో ఆమె ఇంట్లోనే నువ్వు పాడుతున్నావని, నేను వచ్చి తంబుర పట్టాలని రాశావు. నేను రాను. పిల్లకు జ్వరమనో, బండి దొరకలేదనో రాయవచ్చు. కానీ నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. నాకు నీమీద కుళ్లు, అక్కా.

ఇద్దరం ఒకే రోజు ఆమె గడప తొక్కాం. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాట చెప్పింది. నాకేమో తంబుర ఇచ్చి నీ వెనక కూర్చోబెట్టింది. "గంగా, నువ్వు నోరు తెరవకు. పక్కకు జరగకు, నాకు కనవడేటట్టు కూసో" అనేది. నాకు వచ్చిన పాటలన్నీ నీ జడ చూస్తూ నేర్చుకున్నవే. ఒకసారి తెగించి, నేనూ ఒక్క పాట పాడతానన్నాను. "నువ్వు పాడితే నాకెట్లనే? నువ్వు గాడనే ఉండాలె" అంది. ఆ సాయంత్రం మా అవ్వ పక్కన బీడీలు చుడుతూ ఏడ్చాను. "ఏందే, నానబెట్టిన ఆకును మళ్ల తడుపుతున్నవ్?" అంది అవ్వ.

ఇంకొకటి కూడా విను. నీ స్వరం కాస్త జారితే నాకు పండగ. ఎంత బిగబట్టినా పెదవి మీదికి నవ్వు వచ్చేసేది. అంతలోనే గురువమ్మ "ఆగు నీలా, మళ్ల అను" అనేది. నా కడుపు చల్లబడేది. నువ్వు బాగా పాడినప్పుడు నా ముఖం మాడిపోయేది. అప్పుడామె "శాభాష్ బిడ్డా!" అనేది. నావైపు చూస్తూ నిన్ను మెచ్చుకునేది! పుండు మీద కారం చల్లినట్టుండేది నాకు.

ఆమె పోయాక కూడా నేను నీ వెనకే కూర్చోవాలా? ఆ తంబుర ఇంకెవరికైనా ఇవ్వు.

నీ గంగమణి


బాన్సువాడ.

గంగూ,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది, తరువాత నవ్వొచ్చింది. కుళ్లు నీ ఒక్కదానికే ఉందనుకున్నావా?

నువ్వు పెళ్లయి మద్నూర్ వెళ్లిపోయాక మా చెల్లెలు తంబుర పట్టింది. నేను పాడటం అయిపోయినా గురువమ్మ మెచ్చుకోలేదు, తిట్టలేదు. నా భుజం మీదుగా చెల్లెలి ముఖమే చూస్తూ ఉంది. అదేమో గోడ మీది బల్లిని చూస్తోంది. "ఇగ చాలు" అని లేచిపోయింది గురువమ్మ. ఆ తరువాత నాకు నేర్పనే లేదు. నేనేం తప్పు చేశానని కాళ్లు పట్టుకుంటే అప్పుడు చెప్పింది.

"బిడ్డా, మీరు వచ్చేటాల్లకే నా చెవులు సగం పోయినయ్. తర్వాత మొత్తం పోయినయ్. మాటలైతే పెదవులు చూసి పట్టుకుంట. పాటనెట్ల పట్టుకుంట? గంగ మొఖం చూసి నీకు నేర్పిన. దాని పెదవి వంకరైతే నువ్వు తప్పినట్టు. దాని మొఖం మాడితే నువ్వు మంచిగ పాడినట్టు. గసొంటి చెవి నేనెక్కడ చూడలే. ఎవ్వరికి చెప్పకు. చెవిటిదాని దగ్గరికి పిల్లలనెవరు పంపుతరు?"

ఆమె ఉన్నన్నాళ్లూ నేను నీకు కూడా చెప్పలేదు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నేను కుళ్లుకోని రోజు లేదు. నాకు దక్కిన శాభాష్‌లన్నీ నీ ముఖం ఇప్పించినవే. ఆమె కళ్లు నామీద కాదు, నీమీద ఉండేవి.

ఇప్పుడు నేను పాడితే అందరూ బాగుందంటారు. నిజంగా బాగుందో లేదో చెప్పేవాళ్లు లేరు. నువ్వు రా. తంబుర చెల్లెలు పడుతుంది. గురువమ్మ చాప ఆమె పరిచిన చోటే ఉంది, దానిమీద నాకు ఎదురుగా కూర్చో. వచ్చేటప్పుడు ఆ కుళ్లును ఇంట్లో వదిలి రాకు, దానితో పనుంది.

నా పాట అయ్యాక నువ్వు పాడాలి. అప్పుడు ఆ చాప మీద నేను కూర్చుంటాను. నా ముఖం మాడిందంటే, నువ్వు బాగా పాడినట్టే.

నీ నీలక్క