మీ ఫొటోకు మొదటి బహుమతి

ఖలీల్ సార్,

మీరు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే వికారాబాద్‌లో జరిగిన ఫొటోల పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ ఫొటోలో ఉన్నది మీరే. చివరి రోజుల్లో, తాండూరులో మీ ఇంటి కిటికీ పక్కన మంచం మీద కూర్చున్నప్పుడు తీసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. వేదిక దిగాక ఒక జడ్జిని ఆపి, "ఇందులో లోపమేందో జర చెప్పుండ్రి సార్" అని అడిగాను. ఆయన నవ్వాడు.

"ఫస్ట్ ప్రైజ్ వచ్చినంక లోపమేందమ్మా? మస్తుగున్నది."

పత్రికల్లో ఫొటోగ్రాఫరుగా జీవితమంతా గడిపి, నాకు ఫొటోలు తీయడం నేర్పిన మీరు, నా ఫొటోను ఒక్కసారైనా అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. ఎన్నోసార్లు ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను. చూడటం నాకు అట్లానే వచ్చింది.

ఇవాళ ఫొటో తీసుకుని మీ ఇంటికి వెళ్లాను. ఫాతిమా ఆంటీ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకొనే ఉన్న కద బిడ్డా. గా చెయ్యేది?"

ఏ ఫొటో ఇచ్చినా మీరు ముందు అంచులు చూసేవారు. నేను ఆంటీ అడిగాకే చూశాను. మీ ముఖం మీది వెలుతురు కోసం కెమెరా పైకెత్తాను. మీ ఇద్దరి చేతులూ ఫొటోలోకి రాకుండా కింద తెగిపోయాయి. బహుమతి ఇచ్చినవాళ్లకు అది తెలిసే దారే లేదు. మీరైతే చూడగానే పట్టుకునేవారు.

తప్పు చూపించిన ప్రతిసారీ, "పో బిడ్డా, రేపు పొద్దుగాల మళ్ల తీసుకరా" అని పంపేవారు. నేను వెళ్లేదాన్ని.

ఈసారి ఎక్కడికి వెళ్లను సార్?

సుజాత